మే నెలలో తొమ్మిది రోజులు, ఇద్దరమే: ఢిల్లీ వైపా, డార్జిలింగ్ వైపా?

నాగావళి_గట్టు
పెళ్లై ఏడేళ్లయింది. ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి వెళ్లినవి తిరుపతి, అన్నవరం, చుట్టాల పెళ్లిళ్లు. అదీ ఎప్పుడూ పదిమందితో కలిసే. ఈసారి మా ఆయనకి మే రెండో శనివారం నుంచి మూడో ఆదివారం దాకా తొమ్మిది రోజులు సెలవు దొరికింది. నేను టీచర్ని, నాకు ఎలాగూ వేసవి సెలవులే. పాపని నరసన్నపేటలో మా అమ్మ దగ్గర వదులుతాం.

ఇప్పుడు గొడవంతా ఎక్కడికి వెళ్లాలన్నదే. మా ఆయన ఎక్సెల్ షీట్ వేశారు. విజయనగరం నుంచి రైల్లో ఢిల్లీ, అక్కడి నుంచి మనాలి, అమృత్‌సర్, మళ్లీ ఢిల్లీ, జైపూర్, ఆగ్రా, ఢిల్లీ, ఇల్లు. "ఎడారి, కొండలు, పంజాబ్ అన్నీ ఒక్క దెబ్బకి చూసేద్దాం, మళ్లీ ఎప్పుడు కుదురుతుందో" అంటారు. నాకేమో మంచు చూడాలని ఉంది, ఏదో ఒక ఊళ్లో రెండు రాత్రులైనా వరసగా పడుకోవాలని ఉంది. మావయ్యగారు కాశీ వెళ్లి రమ్మంటున్నారు. బడ్జెట్ ఇద్దరికీ కలిపి డెబ్బై వేలు. వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి, ఈ షీట్ జరిగే పనేనా?

రైలు_చీపురుపల్లి
షీట్‌లో ప్రయాణం గంటలు కూడా రాశారా, ఊళ్ల పేర్లేనా?

నాగావళి_గట్టు
ఊళ్లు, హోటల్ రేట్లు మాత్రమే ఉన్నాయి.

రైలు_చీపురుపల్లి
అయితే నేను వేస్తాను చూడండి. సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీకి ఒకటిన్నర రోజు, రానూపోనూ 70 గంటలు. ఢిల్లీ నుంచి మనాలి బస్సులో 14, మనాలి నుంచి అమృత్‌సర్ 11, అమృత్‌సర్ నుంచి ఢిల్లీ 7, ఢిల్లీ నుంచి జైపూర్ 6, జైపూర్ నుంచి ఆగ్రా 5, ఆగ్రా నుంచి ఢిల్లీ 4. మొత్తం 117 గంటలు. తొమ్మిది రోజులంటే 216 గంటలు. అంటే సగానికి పైగా బండిలోనే. మిగిలిన 99 గంటల్లో నిద్ర తీసేస్తే ఏం మిగులుతుంది? రైలు అంటే ప్రాణం పెట్టే నేనే వద్దంటున్నాను.

గరివిడి_గీత
పైన లెక్క చూసి గుండె గుభేలుమంది. మేము 2022 మేలో ఇలాగే ఆగ్రా, జైపూర్ పెట్టుకున్నాం. జైపూర్‌లో మధ్యాహ్నం ఆమేర్ కోట మెట్లు ఎక్కుతుంటే మా వారికి కళ్లు తిరిగాయి, నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ తాగించాను. మన దగ్గర ఎండకి చెమట పడుతుంది, అక్కడ చెమట పట్టినట్టు కూడా తెలియదు, ఒళ్లు ఎండిపోతుంది. రాజస్థాన్ చాలా బాగుంటుంది కానీ డిసెంబరులో వెళ్లండి. ఇంకోటి, తాజ్‌మహల్ శుక్రవారం మూసేస్తారు, మీ షీట్‌లో ఆగ్రా ఏ రోజు పడిందో చూసుకోండి.

నాగావళి_గట్టు
@గరివిడి_గీత ఆగ్రా శుక్రవారమే పెట్టారు!! ఇప్పుడే చూపించాను. ఏమీ అనలేదు, ల్యాప్‌టాప్ మూసేశారు.

టెక్కలి_టు_బెంగళూరు
అన్నని మరీ తీసిపారేయకండి. ఆయన కోరిక తప్పు కాదు, ఎంచుకున్న దారి తప్పు. వైజాగ్ నుంచి ఢిల్లీకి విమానం ఎక్కితే రెండున్నర గంటలు కూడా పట్టదు. రాజస్థాన్, అమృత్‌సర్ తీసేసి ఢిల్లీలో ఒక రోజు, మనాలిలో నాలుగు రోజులు పెట్టుకోండి. అటల్ టన్నెల్ 9 కిలోమీటర్లు, 2020 అక్టోబరులో తెరిచారు, అటు పక్క తేలితే లాహౌల్. ఇటు పచ్చటి కొండ, అటు పక్క చెట్టు కూడా కనపడని బూడిద రంగు కొండ. పది నిమిషాల్లో ప్రపంచం మారిపోతుంది. సిస్సులో మేము ఒక గంట మాట్లాడకుండా కూర్చున్నాం. వదినకి మంచు కావాలంటే హిమాచలే.

రైలు_చీపురుపల్లి
@టెక్కలి_టు_బెంగళూరు మే నెలలో వైజాగ్ ఢిల్లీ టికెట్ ఎంత ఉంటుందో చూశావా తమ్ముడూ? ఇద్దరికీ రానూపోనూ వేస్తే డెబ్బై వేలల్లో పెద్ద ముక్క విమానానికే పోతుంది. తర్వాత ఢిల్లీ నుంచి మనాలి రాత్రి బస్సు. కొండ మలుపుల్లో నిద్ర పట్టే వాళ్లకైతే సరే.

టెక్కలి_టు_బెంగళూరు
ముందుగా తీసుకుంటే తక్కువకే దొరుకుతాయి. నాకు దొరికాయి.

గరివిడి_గీత
నీకు బెంగళూరు నుంచి దొరికి ఉంటాయి. వైజాగ్ నుంచి మే నెల వేరు.

సాలూరు_లారీ
ఢిల్లీ కాదు, తూర్పుకి తిరగండి. మన జిల్లాల వాళ్లకి దేవుడిచ్చిన లైను హౌరా లైను. ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కితే హౌరా సుమారు 750 కిలోమీటర్లు. పూట తిరిగేలోగా కలకత్తాలో ఉంటారు. అక్కడి నుంచి ఒక్క రాత్రి రైలు, తెల్లారేసరికి హిమాలయాల కింద ఉంటారు. నేను పద్నాలుగేళ్లు సిలిగురి, గౌహతి లోడు వేశాను, ఆ రోడ్డు మీద ప్రతి టీ కొట్టు తెలుసు. సిలిగురి దాటాక రోడ్డు పక్కన తీస్తా నది, ఆకుపచ్చ నీళ్లు. ఎన్నిసార్లు చూసినా బండి ఆపాలనిపిస్తుంది. మా ఆవిడని ఒకసారి తీసుకెళ్లాను. ఇన్నేళ్లూ ఇంత అందమైన రోడ్డు మీద ఒక్కడివే తిరిగావా అని రెండు రోజులు మాట్లాడలేదు.

బొబ్బిలి_వీణ
@సాలూరు_లారీ చివరి మాట బాగుంది అన్నా 😀

నేనూ తూర్పే అంటాను. కలకత్తా, డార్జిలింగ్, గ్యాంగ్‌టక్. ఒకటి పెద్ద పాత నగరం, ఒకటి టీ తోటల కొండ, ఒకటి చైనా సరిహద్దు దాకా వెళ్లే మంచు రాష్ట్రం. బావగారికి మూడు ప్రాంతాలు చూసిన తృప్తి, మీకు రెండు రాత్రులు ఒకే మంచం మీద నిద్ర.

ఇచ్ఛాపురం_ఒడ్డు
అంత దూరం ఎందుకు? బరంపురంలో దిగి దారింగిబాడి వెళ్లండి, ఒడిశా కశ్మీర్ అంటారు, కాఫీ తోటలు, పైన్ చెట్లు. దారి మార్చుకుంటే తప్తపానిలో వేడి నీటి బుగ్గ, చంద్రగిరి పక్కన జిరంగ్‌లో టిబెటన్ల పద్మసంభవ మఠం. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. లోపలి బుద్ధుడిని చూస్తే మన పక్క జిల్లాలో ఉన్నామని నమ్మబుద్ధి కాదు. తిరిగి వస్తూ గోపాలపూర్ బీచ్, చిలికలో పడవ. నాలుగు రోజులు, ఇరవై వేలు, మిగిలిన డబ్బు పాప పేరున వేసుకోవచ్చు.

నాగావళి_గట్టు
@ఇచ్ఛాపురం_ఒడ్డు ఇది దసరాకి పాపతో వెళ్లడానికి దాచుకుంటున్నాను, నిజంగా. కానీ ఈసారి దూరం వెళ్లాలి. ఇంటి నుంచి మూడు గంటల్లో ఉంటే ఏదో ఒక ఫోన్ వస్తుంది, మేం వెనక్కి వచ్చేస్తాం. నాకు తెలుసు మా సంగతి.

కొత్తవలస_పెద్దమ్మ
అన్నీ బాగున్నాయి గానీ తల్లీ, ఐదారేళ్ల పిల్లని తొమ్మిది రోజులు వదిలేసి వెళ్లడం ఏటి? ఆ పసిదానికి మాత్రం మంచు చూడాలని ఉండదా? మేము ఎక్కడికెళ్లినా ముగ్గురు పిల్లల్నీ చంకనేసుకునే వెళ్లాం.

గరివిడి_గీత
పెద్దమ్మా, అమ్మమ్మ దగ్గరే కదా ఉంటుంది.

నాగావళి_గట్టు
@కొత్తవలస_పెద్దమ్మ మీరు అడిగింది నేనూ నన్ను వంద సార్లు అడుక్కున్నాను. పాప పుట్టాక మొదటి రెండేళ్లు మా ఆయన వేరే ఊళ్లో ఉద్యోగం, వారానికి ఒకసారి వచ్చేవారు. తర్వాత అత్తయ్యగారికి ఒంట్లో బాగోలేక ఆస్పత్రులు. మేమిద్దరం మాట్లాడుకునేదంతా కరెంటు బిల్లు, మందులు, బడి ఫీజు. మొన్న ఒక రోజు ఇద్దరం ఊరికే కూర్చుంటే ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. నాకు భయం వేసింది. అందుకే ఇద్దరమే వెళ్లాలనుకున్నాం. పాపకి అమ్మమ్మ ఇల్లంటే మా ఇంటికన్నా ఇష్టం. అయినా రోజూ రెండు పూటలా వీడియో కాల్ చేస్తాం.

కొత్తవలస_పెద్దమ్మ
అలా చెప్పు మరి. వెళ్లి రండి. స్వెట్టర్లు మర్చిపోకండి.

కొత్తూరు_మాస్టారు
నేను రిటైరయ్యాక, యాభై తొమ్మిదో ఏట, మా ఇంటావిడని సిక్కిం తీసుకెళ్లాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ "వచ్చే ఏడు" అంటూ వచ్చాను. నాథులా వద్ద బండి దిగాక సరిహద్దు దగ్గరికి మెట్లు ఎక్కాలి. ఎత్తు 14 వేల అడుగుల పైన, గాలి పలచన. ఆవిడ మోకాళ్లు సహకరించలేదు, ఆయాసం వచ్చింది, కింద బండిలోనే ఉండిపోయింది. నేను పైకి వెళ్లి ఫొటోలు తీసి తెచ్చి చూపించాను. ఆవిడ సంతోషంగానే చూసింది, నాకే మనసు ఒప్పలేదు. అమ్మాయీ, మీ మోకాళ్లు బాగున్నప్పుడే వెళ్లండి. ఎవరేమన్నా వాయిదా వేయకండి.

కొన్ని పనికొచ్చే సంగతులు. నాథులా సోమ, మంగళవారాలు సందర్శకులకి మూసి ఉంటుంది. పర్మిట్ కావాలి, అది అక్కడి ట్రావెల్ ఏజెంటే తీస్తాడు. ఫొటోలు, ఓటరు కార్డు అసలు, నకళ్లు పెట్టుకోండి. బెంగాల్ బండి పనికిరాదు, సిక్కిం బండే ఎక్కాలి. దారిలోనే సోమ్‌గో సరస్సు, 12 వేల అడుగుల పైన, గ్యాంగ్‌టక్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. మీకు గాని, మీవారికి గాని ఉబ్బసం, గుండె ఇబ్బంది, బీపీ ఉంటే ముందు డాక్టరుని అడిగి వెళ్లండి. పైన పరిగెత్తకండి, మెల్లగా నడవండి.

నాగావళి_గట్టు
మాస్టారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. "సరే, తూర్పుకే" అన్నారు. ఇంకేమీ అనలేదు.

మే నెలలో అక్కడ మంచు ఉంటుందా? అదొక్కటి నిజం చెప్పండి.

బొబ్బిలి_వీణ
నిజమే చెప్తాను. మే మధ్యలో నాథులా దారిలో రోడ్డు పక్కన, కొండ సందుల్లో మిగిలిన మంచు కనపడొచ్చు, అది ఏడాదిని బట్టి. మేము వెళ్లినప్పుడు చేత్తో తీసి ఉండ కట్టేంత ఉంది. మా చెల్లెలు వెళ్లినప్పుడు మురికి పట్టిన చిన్న కుప్పలే. గ్యాంగ్‌టక్ ఊళ్లో, డార్జిలింగ్‌లో మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

టెక్కలి_టు_బెంగళూరు
అదే నేను చెప్తున్నా. మంచే ముఖ్యమైతే మనాలి పైన రోహ్తాంగ్‌లో మేలో మంచు గోడలే ఉంటాయి.

రైలు_చీపురుపల్లి
రోహ్తాంగ్‌కి రోజుకి 1,200 బళ్లకే పర్మిట్, మంగళవారం మూసివేత. అక్కడా గ్యారంటీ లేదు కదా తమ్ముడూ.

టెక్కలి_టు_బెంగళూరు
ఒప్పుకుంటా. కానీ వదినా, వచ్చే ఏడు మనాలి వెళ్లండి, మాటివ్వండి.

నాగావళి_గట్టు
@టెక్కలి_టు_బెంగళూరు ఇస్తున్నాను 🙂 చేత్తో ముట్టుకునేంత మంచు దొరికితే చాలు నాకు.

పలాస_జీడి
కలకత్తాలో ఎక్కడ దిగుతారు? మా అక్క వాళ్లది ఖరగ్‌పూర్. మా తాతల కాలంలో రైల్వే పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్‌లో మన తెలుగు వాళ్లు ఎంతమందో, బజార్లో మన యాసే వినపడుతుంది. అక్కడ అందరికీ మీరు ఏ ఊరు అంటే సోంపేట, కంచిలి, మందస, ఇలా అన్నీ మన ఊళ్లే. మా అక్కయితే పిల్లలతో బెంగాలీ, మాతో సోంపేట భాష.

బొబ్బిలి_వీణ
నిజం. హౌరా స్టేషన్లో నాకు దారి చెప్పిన కూలీ ఆయనది కూడా కవిటి.

రైలు_చీపురుపల్లి
ఇక పని లెక్క చూద్దాం. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, ఇదివరకటిలా 120 కాదు, 2024 నవంబరు నుంచి మారింది. మీ తేదీకి మార్చి రెండో వారంలో పొద్దున్న ఎనిమిదింటికి తెరుస్తారు. వేసవి కాబట్టి ఆ పూటే కూర్చోవాలి. శ్రీకాకుళం రోడ్డు నుంచి వెయిటింగ్ చూపిస్తే విశాఖ నుంచి టికెట్ చూడండి, అక్కడి నుంచి బెర్త్ ఉంటే తీసుకుని ఎక్కే స్టేషన్ మార్చుకోండి. నాలుగు టికెట్లు కావాలి: ఇక్కడి నుంచి హౌరా, సియాల్దా (కలకత్తాలోనే ఇంకో స్టేషన్) నుంచి న్యూ జల్పాయిగురి (సిలిగురి పక్క స్టేషన్), మళ్లీ వెనక్కి అవే రెండు. డార్జిలింగ్ మెయిల్, పదాతిక్ రెండూ సియాల్దా నుంచి రాత్రి బయల్దేరతాయి, పొద్దున్న దింపుతాయి.

కన్యాకుమారి దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ కూడా మన లైను మీదుగానే న్యూ జల్పాయిగురి వెళ్తుంది. మొత్తం నాలుగు వేల కిలోమీటర్ల పైన నడుస్తుంది, దేశంలో అంత దూరం వెళ్లే రైలు ఇంకోటి లేదు. కానీ అది ఎక్కితే కలకత్తా చూడలేరు.

గరివిడి_గీత
హౌరాలో దిగి సియాల్దాలో ఎక్కడం కొత్తవాళ్లకి టెన్షన్ కదా, సామాన్లతో?

రైలు_చీపురుపల్లి
ఇప్పుడు లేదు. హౌరా నుంచి సియాల్దాకి నేరుగా మెట్రో. 2024 మార్చిలో నది కింద సొరంగంలో మొదలైంది, 2025 ఆగస్టులో సియాల్దాతో కలిసింది. హుగ్లీ అడుగున వెళ్తున్నప్పుడు గోడల మీద నీలం లైట్లు వస్తాయి, తలెత్తి చూడండి. మొదటిసారి మాత్రం హౌరా బ్రిడ్జి మీద నడిచి వెళ్లండి. 1943 నాటిది, నట్టూ బోల్టూ లేకుండా రివెట్లతో కట్టింది.

సాలూరు_లారీ
బ్రిడ్జి కింద పూల బజారు పొద్దున్నే చూడండి. బంతిపూల గుట్టలు. మన విజయనగరం పైడితల్లి జాతరప్పుడు కూడా అన్ని పూలు చూడలేదు నేను.

నాగావళి_గట్టు
మా ఆయన కొత్త షీట్ వేశారు, గంటలతో సహా! చూసి తప్పులు చెప్పండి.

శనివారం రైలు, హౌరా. ఆదివారం కలకత్తా: దక్షిణేశ్వరం, విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం, రాత్రి సియాల్దాలో రైలు. సోమవారం పొద్దున్న న్యూ జల్పాయిగురి, మధ్యాహ్నానికి డార్జిలింగ్. మంగళవారం డార్జిలింగ్. బుధవారం భోజనం చేసి గ్యాంగ్‌టక్. గురువారం సోమ్‌గో, నాథులా. శుక్రవారం మధ్యాహ్నం దాకా గ్యాంగ్‌టక్, రాత్రి రైలు. శనివారం కలకత్తా, సాయంత్రం మన రైలు. ఆదివారం ఇల్లు.

బొబ్బిలి_వీణ
బావగారికి నూటికి తొంభై. రోజులు బాగా కుదిరాయి. మ్యూజియం సోమవారం సెలవు, మీరు ఆదివారం వెళ్తున్నారు. డార్జిలింగ్ జూ గురువారం సెలవు, మీరు మంగళవారం ఉంటారు. ఆ జూ పేరు పద్మజా నాయుడు జూ, సరోజినీ నాయుడు గారి కూతురు, హైదరాబాద్‌లో పుట్టి బెంగాల్ గవర్నర్ చేశారు. మంచు చిరుత, ఎర్ర పాండా అక్కడ చూడాలి. పక్కనే పర్వతారోహణ సంస్థ, ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్ పనిచేసిన చోటు. రెండిటికీ ఒక పూట పెట్టుకోండి.

మార్చాల్సిందల్లా బుధవారం. భోజనం చేసి బయల్దేరితే గ్యాంగ్‌టక్ చేరేసరికి చీకటి. పొద్దున్న తొమ్మిదికే కదలండి. నాలుగు గంటల దారి, కొండ దిగి తీస్తా దాటి మళ్లీ ఎక్కాలి. గురువారం పర్మిట్ కావాలంటే కాగితాలు ముందు రోజుకే ఏజెంటుకి చేరాలి, మంగళవారమే ఫోన్లో పంపేయండి.

సాలూరు_లారీ
నా భయం శుక్రవారం మీద. గ్యాంగ్‌టక్ నుంచి న్యూ జల్పాయిగురి 120 కిలోమీటర్లు, మామూలుగా నాలుగైదు గంటలు. కానీ ఆ రోడ్డు తీస్తా ఒడ్డున ఉంది. 2023 అక్టోబరు 4న పైన లొనాక్ సరస్సు గట్టు తెగి వరద వచ్చినప్పుడు చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోయింది, రోడ్డు కోసుకుపోయింది. ఆ తర్వాత నుంచి గట్టి వాన పడితే చాలు ఎక్కడో ఒక చోట కొండ జారుతుంది. అప్పుడు చుట్టు తిప్పి లావా అనే ఊరి వైపు పంపుతారు, ఏడెనిమిది గంటలు. నేను ఒకసారి రంగ్‌పో దగ్గర పద్నాలుగు గంటలు ఆగాను, బండిలో అన్నం వండుకుని ముందు వెనక ఉన్న డ్రైవర్లకి కూడా పెట్టాను. అందుకని మధ్యాహ్నం దాకా ఆగొద్దు. పొద్దున్న ఎనిమిదికి బయల్దేరి, తొందరగా చేరితే సిలిగురిలో తిరగండి. రైలు పోగొట్టుకునే కన్నా స్టేషన్లో కూర్చోవడం నయం.

రైలు_చీపురుపల్లి
👆 ఇది వంద శాతం వినండి.

ఇంకోటి నా వైపు నుంచి. మే అంటే బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. ఫణి 2019 మే 3న, అంఫాన్ 2020 మే 20న, యాస్ 2021 మే 26న, రెమాల్ 2024 మే 26న. ఫణి అప్పుడు మన లైన్లో రైళ్లు వందకి పైగా రద్దయ్యాయి. తిత్లీ చూసిన వాళ్లం, మనకి చెప్పక్కర్లేదు. బయల్దేరే వారం ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. రైలు రద్దయితే టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది, హోటల్ డబ్బు రాదు. ఉచితంగా రద్దు చేసుకునే హోటళ్లే తీసుకోండి.

గరివిడి_గీత
ఇది చాలా ముఖ్యం. మాకు ఒక ట్రావెల్స్ అతను ప్యాకేజీ అని మొత్తం ముందే కట్టించుకుని, ప్రయాణం వాయిదా పడితే పైసా ఇవ్వలేదు. ఫోన్ ఎత్తడం మానేశాడు. ముందు కొంత, అక్కడికి వెళ్లాక కొంత అని మాట్లాడుకోండి.

నాగావళి_గట్టు
అమ్మో. ప్యాకేజీ వద్దు. రూములు మేమే చూసుకుంటాం.

టాయ్ ట్రైన్ ఎక్కాలా? మా ఆయన న్యూ జల్పాయిగురి నుంచే అందులో వెళ్దామంటున్నారు.

రైలు_చీపురుపల్లి
నా మనసులో మాట అయితే ఎక్కమనే. 1881లో డార్జిలింగ్ చేరిన లైను, పట్టాల మధ్య రెండడుగులే, 1999లో యునెస్కో గుర్తింపు. కానీ 88 కిలోమీటర్లకి ఏడు గంటల పైనే, మీ సోమవారం అంతా పోతుంది. జీపులో మూడు గంటల్లో వెళ్లి, మంగళవారం డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా జాయ్ రైడ్ ఎక్కండి, రెండు గంటలు. ఘూమ్ 7,407 అడుగులు, దేశంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న స్టేషన్. బతాసియా లూప్‌లో రైలు తన చుట్టూ తానే తిరిగి వస్తుంది. ఆవిరి ఇంజన్‌ది అడిగి తీసుకోండి, కిటికీలోంచి బొగ్గు నలకలు ముఖం మీద పడతాయి. నేను ఆ చొక్కా ఉతకనివ్వలేదు.

పలాస_జీడి
@రైలు_చీపురుపల్లి ఇంట్లో ఆ చొక్కా ఇంకా ఉందా అన్నా? 😂

రైలు_చీపురుపల్లి
బీరువాలో ఉంది.

కొత్తూరు_మాస్టారు
టైగర్ హిల్ సూర్యోదయానికి తెల్లారి మూడున్నరకే లేపుతారు. మేలో మబ్బు ఎక్కువ, కాంచన్‌జంగా కనపడకపోవచ్చు, ఆ మాట మనసులో పెట్టుకుని వెళ్లండి. మాకు టైగర్ హిల్‌లో కనపడలేదు. మర్నాడు టీ తాగుతూ హోటల్ బాల్కనీలోంచి చూస్తే మబ్బు విడిపోయి ఎదురుగా ఉంది. నాలుగు నిమిషాలు. మేమిద్దరం కప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయాం. గది తీసుకునేటప్పుడు కొండ వైపు గది అడగండి, రెండు మూడొందలు ఎక్కువైనా.

కొత్తవలస_పెద్దమ్మ
తిండి సంగతి ఎవరూ చెప్పరేం? అక్కడ అన్నం దొరుకుతుందా?

బొబ్బిలి_వీణ
దొరుకుతుంది పెద్దమ్మా. బెంగాల్లో అన్నమే, చేపలే. ఆవనూనె వాసన మొదటి పూట పట్టదు, తర్వాత అలవాటవుతుంది. కొండ మీద మోమోలు, వేడి వేడి తుక్పా, అంటే నూడుల్స్ సూపు. చలికి ఆ తుక్పా ఉంటే ఇంకేమీ వద్దు. చింతకాయ పచ్చడి ఒక చిన్న డబ్బా పెట్టుకోండి. సిక్కింలో నీళ్ల ప్లాస్టిక్ సీసాలు 2022 నుంచి నిషేధం, స్టీలు సీసాలు పట్టుకెళ్లి నింపుకోవాలి.

ఇచ్ఛాపురం_ఒడ్డు
ఆవనూనెలో వేసిన చేప మన చేపల పులుసు ముందు నిలబడదు, ఎవరైనా కాదంటే మా ఇంటికి రండి.

పలాస_జీడి
మా అక్క రెండూ కలిపి చేస్తుంది. ఆవ పెట్టిన చేప, చింతపండు పులుసు. అది తిన్నాక ఈ గొడవ ఉండదు.

నాగావళి_గట్టు
నాలుగు రోజులుగా ఇక్కడికి రాలేదు, టికెట్ల హడావిడి. మొన్న పొద్దున్న ఎనిమిదింటికి ఆయన ల్యాప్‌టాప్, నేను ఫోను పట్టుకుని కూర్చున్నాం. శ్రీకాకుళం రోడ్డు నుంచి వెయిటింగే చూపించింది, అన్న చెప్పినట్టు విశాఖ నుంచి చూస్తే రెండు బెర్తులు ఉన్నాయి! ఎక్కేది మాత్రం మన స్టేషన్లోనే. సియాల్దా నుంచి పైకి కూడా దొరికాయి. కిందికి వచ్చేది ఆర్‌ఏసీ, సీటు ఖాయం, బెర్తు ఇంకా కాలేదు. ఇంటికి వచ్చేది రేపు తెరుస్తారు.

మా ఆయన ఇప్పుడు రోజూ ఆఫీసు నుంచి వచ్చి తీస్తా ఫొటోలు చూపిస్తున్నారు. నిన్న రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నాం, కరెంటు బిల్లు మాట రాలేదు. మావయ్యగారికి కాశీ బదులు దక్షిణేశ్వరం గంగాజలం తెస్తామంటే సరేనన్నారు.

స్వెట్టర్లు ఇక్కడ కొనాలా, అక్కడా?

గరివిడి_గీత
ఇక్కడ మేలో స్వెట్టర్ ఎక్కడ దొరుకుతుంది! ఒక్కొక్కటి ఎవరినైనా అడిగి పట్టుకెళ్లండి, నాథులాకి పెద్ద జాకెట్లు, బూట్లు దారిలో అద్దెకిస్తారు. కలకత్తాలో మాత్రం మన కన్నా ఉక్క, పల్చటి నూలు బట్టలు.

కొత్తవలస_పెద్దమ్మ
మా అబ్బాయిది ఉంది, మీవారికి సరిపోతే పంపుతాను.

పలాస_జీడి
@నాగావళి_గట్టు ఒక సాయం చేస్తారా? మీ రైలు పలాసలో ఆగుతుంది, ఖరగ్‌పూర్‌లో కూడా ఆగుతుంది. రెండు కేజీల జీడిపప్పు ప్లాట్‌ఫారం మీదకి తెచ్చి ఇస్తాను, ఖరగ్‌పూర్‌లో మా అక్క వచ్చి తీసుకుంటుంది. మీకు వేరే ప్యాకెట్ ఉంటుంది, దారిలో తినడానికి.

నాగావళి_గట్టు
తప్పకుండా. మా బోగీ బి2, పలాస రాగానే తలుపు దగ్గర నిలబడతాను. మీ అక్కని ఆ చేపల కూర ఒక డబ్బాలో తెమ్మనండి 🙂

పలాస_జీడి
అప్పుడే చెప్పాను. రెండు డబ్బాలు తెస్తానంది.